మన బడులలో చిత్రలేఖనము, శిల్పము

(డయాసిస్ శతజయంతి సందర్భమున మన పాఠశాలల ఉపాధ్యాయుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శతజయంతి సభలలో మన బడుల గురించి మాట్లాడమని కమిటీవారు నన్ను కోరినప్పుడు, ఏ విషయము మీద అని అడిగాను. "మీ ఇష్టం అయ్యగారూ, పిల్లలకు పనికివచ్చేది ఏదైనా సరే" అన్నారు. డ్రాయింగు, శిల్పము నేర్పటం గురించి మాట్లాడతానన్నాను. కమిటీలో ఒక పెద్దమనిషి నవ్వి, "అది పనికివచ్చేదేనాండి?" అన్నారు. ఆయన తప్పేమీ లేదు. కొన్ని సంవత్సరాల క్రితము నేనూ ఆ మాటే అన్నాను. అనటమే కాదు, చేసి కూడా చూపించాను. ముందు ఆ సంగతి మీ యెదుట ఒప్పుకొని, తరువాత అసలు విషయానికి వస్తాను.

ఆ రోజులలో నేను ఒక పాస్టరేటులో పనిచేస్తూ, అక్కడి హైస్కూలుకు కరస్పాండెంటుగా కూడా ఉండేవాడిని. ఆ ఏడు డ్రాయింగు మాస్టరుగారు రిటైరైనారు. ఆయన స్థానములో మరొకరు రాలేదు. పదవ తరగతి ఫలితాలు బాగా లేవని అందరూ అంటున్నారు. నేను టైంటేబులు తెప్పించుకొని, ఎర్ర సిరాతో డ్రాయింగు పీరియడ్లన్నీ కొట్టివేసి, వాటిని లెక్కలకు, సైన్సుకు పంచిపెట్టాను. మంచి పని చేశానన్న తృప్తితో ఆ సాయంత్రము ఇంటికి వెళ్లాను.

ఎనిమిదవ తరగతిలో ఒక కుర్రవాడుండేవాడు. తండ్రికి ఇటుక బట్టీలో పని. పిల్లవాడు వ్రాతలో బాగా వెనుకబడినవాడు. ఒక్క వాక్యమైనా తప్పు లేకుండా వ్రాయలేడు. లెక్కలు అసలే రావు. వారానికి రెండు పీరియడ్లు మాత్రము క్లాసంతా వాడి బల్ల చుట్టూ చేరేదట. ఆ రెండింటినీ నేను తీసివేశాను. దసరా సెలవుల తరువాత వాడు బడికి రాలేదు.

హాజరు పట్టీలో పేరు కొట్టివేయబోయే ముందు ఒకసారి ఇంటికి వెళ్లి చూద్దామని వెళ్లాను. "చదువు రానివాడికి బడెందుకండీ అయ్యగారూ! నాలుగు ఇటుకలు మోస్తే నాలుగు డబ్బులైనా వస్తాయి" అన్నది తల్లి. వాడు బట్టీ దగ్గర ఉన్నాడు. ఆరబెట్టిన పచ్చి ఇటుకల వరుస చివర, ఇటుక మట్టితో చేసిన గేదె ఒకటి పడుకొని ఉన్నది. కాళ్లు మడుచుకొని, మెడ ఒక ప్రక్కకు త్రిప్పుకొని ఉన్నది. వీపు ఎక్కడ వంగిందో, పొట్ట నేలమీద ఎట్లా పరచుకున్నదో అంతా అందులో ఉన్నది. నేను పల్లెలో పుట్టి, చిన్నప్పుడు గేదెలు కాసినవాణ్ణి. అయినా గేదె పడుకున్నప్పుడు ముందు కాలు ఎటు మడుస్తుందో నాకు తెలియదని ఆ రోజే తెలిసింది. ఆ పిల్లవాడికి తెలుసు. వాడు చూశాడు, నేను చూడలేదు.

వాడు నన్ను ఒక్క మాట అనలేదు. "డ్రాయింగు పీరియడు మళ్లీ పెడతారాండి?" అని మాత్రము అడిగాడు. నేను జవాబు చెప్పలేక తిరిగి వచ్చాను.

మర్నాడు రిటైరైన మాస్టరుగారి ఇంటికి వెళ్లి, వారానికి రెండు రోజులైనా రమ్మని బ్రతిమాలాను. సంఘ కమిటీ ఆయన దారిఖర్చులకు కొంత ఇవ్వటానికి ఒప్పుకున్నది. మాస్టరుగారు ఒక్క షరతు పెట్టారు. "నెల రోజులు మీరు కూడా వెనుక బల్ల మీద కూర్చొని నేర్చుకోవాలి. లేకపోతే మీరు మళ్లీ ఎర్ర సిరా తీస్తారు" అన్నారు. నేను కూర్చున్నాను. ఈనాడు మీకు చెప్పబోయే దానిలో చాలాభాగము ఆ వెనుక బల్ల మీద నేర్చుకున్నదే.

మొదటి రోజున మాస్టరుగారు స్టూలు మీద ఒక ఇత్తడి చెంబు పెట్టి, గీయమన్నారు. పిల్లలందరితో పాటు నేనూ గీశాను. దాదాపు అందరమూ ఒకటే తప్పు చేశాము. చెంబు మూతి గుండ్రమని తెలుసు గనుక గుండ్రముగా గీశాము. అడుగు నేలకు ఆనుతుందని తెలుసు గనుక అడుగున సమమైన గీత గీశాము. అప్పుడాయన ఆ చెంబును మా కళ్ల ఎత్తుకు పైకెత్తి పట్టుకున్నారు. మూతి ఒక సన్నని గీతగా కనిపించింది. మెల్లగా క్రిందికి దించుతుంటే ఆ గీత విచ్చుకొని కోడిగ్రుడ్డు ఆకారమైంది. ఇంకా దించితే ఇంకా వెడల్పయింది. అడుగు భాగము మన చూపునకు మూతికంటె క్రిందుగా ఉంటుంది గనుక, అడుగు వంపు మూతి వంపు కంటె ఎక్కువ గుండ్రముగా ఉండాలి. "మీరు మీకు తెలిసినది గీశారు, కనిపించినది గీయలేదు" అన్నారాయన. చిత్రలేఖనము నేర్పటంలో మొదటి పాఠమూ, చివరి పాఠమూ ఇదేనని నాకనిపిస్తున్నది.

ఆయన పద్ధతులు కొన్ని చెబుతాను. మొదటి పది నిమిషాలు రబ్బరు ముట్టుకోనిచ్చేవారు కారు. తప్పు గీత ప్రక్కనే సరియైన గీత గీయమనేవారు. తప్పు కనబడుతూ ఉంటేనే కదా దిద్దుకొనేది! చేయి చాచి, ఒక కన్ను మూసి, పెన్సిలును నిలువుగా పట్టి, చెంబు ఎత్తులో వెడల్పు ఎన్నో వంతో కొలిపించేవారు. కుర్చీ గీయవలసివస్తే కుర్చీని గీయవద్దు, కాళ్ల మధ్యనున్న ఖాళీల ఆకారాలు గీయండి అనేవారు. కుర్చీ అనగానే మన మనస్సు తనకు తెలిసిన కుర్చీని తెచ్చి కాగితము మీద పెడుతుంది. ఖాళీకి పేరు లేదు గనుక దానిని చూసే తీరాలి. ఆశ్చర్యమేమంటే, ఖాళీలు సరిగా గీస్తే కుర్చీ దానంతట అదే నిలబడుతుంది.

నీడలు వేసే రోజున గదిలో ఒక కిటికీ తప్ప అన్నీ మూయించారు. వెలుగు ఒకవైపు నుండే రావాలి. గుండ్రని వస్తువు మీద బాగా మెరిసేచోటు, వెలుగు, అసలు నీడ, ఆ నీడ అంచున బల్ల మీదనుండి తిరిగి వచ్చే మసక వెలుగు, చివరకు బల్ల మీద పడిన నీడ, ఈ ఐదింటినీ వేలు పెట్టి చూపించమనేవారు. చూపించినవారికే పెన్సిలు ఇచ్చేవారు. మామూలు హెచ్.బి. పెన్సిలుతో గీతలు, మెత్తని 4బి పెన్సిలుతో నీడలు. ఈ రెండు పెన్సిళ్లతో సంవత్సరము గడిచింది. రంగుల పెట్టె కొనలేదని ఏ పిల్లవాడూ వెనుకబడలేదు.

అన్నిటికంటె ముఖ్యమైనదొకటి. ఆయన ఏ పిల్లవాని కాగితము మీద తన చేయి పెట్టేవారు కారు. దిద్దవలసివస్తే వేరే చిత్తు కాగితము మీద గీసి చూపి, దానిని చించివేసేవారు. కారణమడిగితే, "నేను దిద్దితే బొమ్మ బాగుపడుతుందండీ, పిల్లవాడు పాడవుతాడు" అన్నారు. మన బడులలో వార్షికోత్సవాలకు గోడల మీద పెట్టే బొమ్మలు ఎన్నింటిలో మాస్టర్ల చేయి ఉన్నదో మనందరికీ తెలుసు. చూడవచ్చిన పెద్దలు మెచ్చుకుంటారు. ఆ మెప్పు తనది కాదని పిల్లవాడికి తెలుసు.

తొమ్మిది, పది సంవత్సరాలవరకు పిల్లలు ఎవరి ప్రోత్సాహమూ లేకుండానే బొమ్మలు వేస్తారు. పన్నెండేళ్లు వచ్చేసరికి తమ బొమ్మ అసలు వస్తువులాగా లేదని వారికే తెలుస్తుంది. నేర్పేవారుంటే ముందుకు పోతారు. లేకపోతే "నాకు డ్రాయింగు రాదు" అని జీవితాంతము చెప్పుకుంటారు. ఈ సంగతిని గురించి బాగా పరిశోధించినవారు ఆస్ట్రియా దేశస్థుడైన విక్టర్ లోవెన్‌ఫెల్డ్. ఆయన వియన్నాలో చూపులేని పిల్లల పాఠశాలలో మట్టితో బొమ్మలు చేయటం నేర్పినవారు. కొందరు కంటితో లోకమును గ్రహిస్తే, మరికొందరు స్పర్శతో, తమ శరీరములోని అనుభూతితో గ్రహిస్తారని ఆయన అక్కడ కనుగొన్నారు. చూపు కొంత ఉండి కూడా కంటికంటె చేతినే నమ్మే పిల్లలు ఆయనకు కనిపించారు. 1947లో ఆయన వ్రాసిన 'క్రియేటివ్ అండ్ మెంటల్ గ్రోత్' అనే గ్రంథము డ్రాయింగు టీచర్ల శిక్షణలో పేరు పొందినది.

లోవెన్‌ఫెల్డ్ యూదుడు. హిట్లరు సేనలు ఆస్ట్రియాను ఆక్రమించిన 1938లో దేశము విడిచి వెళ్లవలసివచ్చింది. తరువాత అమెరికాలో వర్జీనియా రాష్ట్రమందలి హాంప్టన్‌లో, నల్లజాతి విద్యార్థుల విద్యాసంస్థలో ఉపాధ్యాయుడైనారు. 1941లో జాన్ బిగ్గర్స్ అనే పేద విద్యార్థి అక్కడికి పైపుల పని నేర్చుకోవటానికి వచ్చాడు. లోవెన్‌ఫెల్డ్ క్లాసులో కూర్చున్నాడు. పైపుల పని వదలి చిత్రకళ నేర్చాడు. 1949లో హ్యూస్టన్‌లోని విశ్వవిద్యాలయములో చిత్రకళాశాఖను స్థాపించి, తన జాతి ప్రజల జీవితమును పెద్ద పెద్ద గోడచిత్రాలుగా వేసి, తన విద్యార్థులచేత కూడా వేయించాడు. దేశమును పోగొట్టుకొన్న ఒక మాస్టరు, ఏ ఆశా లేని ఒక విద్యార్థిలో ఉన్నదానిని గుర్తుపట్టినందువలన ఇదంతా జరిగింది.

మనకూ అటువంటి కథ ఉన్నది. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలుగా ఉండిన ఆస్వాల్డ్ కూల్డ్రే దొరగారు స్వయముగా చిత్రకారుడు. 1897లో రాజమండ్రిలో పుట్టిన దామెర్ల రామారావుగారిలోని ప్రతిభను గుర్తించి, బొంబాయిలోని జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు పోయేటట్లు ప్రోత్సహించినది ఆయనే. అడివి బాపిరాజుగారు కూడా ఆయన శిష్యులే. రామారావుగారు తిరిగి వచ్చి తన ఊరిలోనే ఇతరులకు చిత్రకళ నేర్పారు. 1925లో మశూచికముతో, ఇరవై ఎనిమిదేళ్లయినా నిండకుండా చనిపోయినారు. అంత కొద్దికాలములో ఆయన వేసిన చిత్రాలు రాజమండ్రిలో ఆయన పేర వెలసిన ఆర్ట్ గ్యాలరీలో ఈనాటికీ ఉన్నాయి. మన పిల్లలను ఒక్కసారైనా అక్కడికి తీసుకొని వెళ్లండి.

ఇక శిల్పము సంగతి. దీనికి పెద్ద ఖర్చు అవుతుందని అందరి భయము. మా బడిలో మొదటి సంవత్సరము ఖర్చు చెరువు మట్టి తెచ్చిన రిక్షావానికి ఇచ్చిన కిరాయి మాత్రమే. మట్టిని నీటిలో నానబెట్టి, గుడ్డలో వడకట్టి, రాళ్లు, వేళ్లు తీసివేసి, కొంచెము ఆరిన తరువాత రొట్టె పిండిలాగా బాగా పిసకాలి. లోపల గాలి బుడగలు మిగలరాదు. తడి గోనె కప్పి ఉంచితే వారాల తరబడి మెత్తగా ఉంటుంది. ముందు పలక మీద అంగుళము మందాన మట్టి పరచి, దాని మీద ఆకును, చేపను ఉబ్బెత్తుగా చేయించాలి. తరువాత పడుకొన్న జంతువులు. నిలబడిన మనిషిని చివరకు ఉంచాలి. లోపల ఇనుప తీగ లేనిదే మట్టి మనిషి నిలబడడు. తోకో, చెవో అతికించేటప్పుడు రెండు వైపులా గీతలు గీసి, పలుచని బురద పూసి అదిమిపెట్టాలి. ఊరకే అంటిస్తే ఆరగానే ఊడిపోతుంది. కాల్చదలచిన బొమ్మను లోపల తొలిచి గుల్ల చేసి, నీడలో నిదానముగా ఆరనివ్వాలి. మందముగా ఉండి లోపల తడి మిగిలితే ఆవములో పగులుతుంది. మీ ఊరి కుమ్మరిని బడికి పిలవండి. ఈ సంగతులన్నీ ఆయనకు పుస్తకము లేకుండానే తెలుసు. కుమ్మరి పిల్లవాడు ఆ రోజు క్లాసులో తల ఎత్తుకొని కూర్చుంటాడు.

శిల్పానికి నాలుగువైపులా చూపు కావాలి. అందుకని మాస్టరుగారు ఐదు నిమిషాలకొకసారి గంట కొట్టి, పలకను పావు వంతు త్రిప్పించేవారు. బరువు అంటే ఏమిటో నేర్పటానికి ఆయన చేసిన పని నేను మరువలేను. మద్రాసు మెరీనా బీచిలో నలుగురు కూలీలు బండరాతిని కదలిస్తున్న విగ్రహము మీలో చాలామంది చూసి ఉంటారు. అది 1929 నుండి 1957 వరకు మద్రాసు ఆర్టు స్కూలుకు ప్రిన్సిపాలుగా ఉండిన దేవీప్రసాద్ రాయ్ చౌధురిగారి శిల్పము. దాని ఫోటో చూపించి, పిల్లలను ఆవరణలోకి తీసుకొని పోయి, బడి గోడను బలముకొద్దీ నెట్టమన్నారు. మడమ ఎక్కడ తన్నిపెట్టారు, నడుము ఎట్లా వంగింది, మెడ నరాలు ఎట్లా లేచాయి అని అడిగారు. ఆ తరువాతనే మట్టి ఇచ్చారు. ఆనాడు పిల్లలు చేసిన మనుషులకు ముక్కులు, కళ్లు సరిగా లేకపోయినా, నెట్టుతున్నారని మాత్రము ఎవరికైనా తెలుస్తుంది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అచ్చులు తీసేటప్పుడు పొడిని నీటిలో చల్లాలి గాని, నీటిని పొడిలో పోయరాదు. గట్టిపడేటప్పుడు అది బాగా వేడెక్కుతుంది. చేతిని అందులో ముంచి అచ్చు తీయటం ఎన్నడూ చేయించవద్దు. 2007లో ఇంగ్లండులో ఒక బడిలో పదహారేళ్ల విద్యార్థిని అట్లా చేతులు ముంచి వేళ్లు పోగొట్టుకొన్నది. మిగిలిన ప్లాస్టరును తూములలో పోయవద్దు, అక్కడే రాయి అవుతుంది.

మా బడిలో మట్టి బొమ్మలు మొదలుపెట్టిన నెలకు ఒక సంఘ పెద్ద నా వద్దకు వచ్చి, "అయ్యగారూ, రెండవ ఆజ్ఞ చదివినవారేనా మీరు? మన బడిలో విగ్రహాలు చేయిస్తారా?" అని నిలదీశారు. నిజముగా మనస్సు నొచ్చి అడిగిన ప్రశ్న గనుక నేను నవ్వి త్రోసివేయలేదు. ఇద్దరమూ కూర్చొని నిర్గమకాండము చదివాము. ఇరవైయవ అధ్యాయములో ఆ ఆజ్ఞ ఉన్నది. ఇరవైయైదవ అధ్యాయములో బంగారు కెరూబులను చేయవలెనన్న ఆజ్ఞ కూడా ఉన్నది. నిషేధింపబడినది పూజ గాని, చేతిపని కాదు. ముప్పదియొకటవ అధ్యాయములో బెసలేలును దేవుడు పేరుపెట్టి పిలిచి తన ఆత్మతో నింపినట్లు చదువుతాము. అతడు రాతిని చెక్కేవాడు, కొయ్యను మలచేవాడు. ముప్పదియైదవ అధ్యాయములో ఇంకొక సంగతి ఉన్నది. ఇతరులకు నేర్పే మనస్సును కూడా దేవుడు అతనికిచ్చాడు. డ్రాయింగు మాస్టర్లారా, మీ పని అక్కడ వ్రాయబడి ఉన్నది. ఆ పెద్దమనిషి అంతా విని, "అయితే మా మనవణ్ణి కూడా చేర్చుకోండి" అన్నారు.

1924లో ప్రతిష్ఠింపబడిన మెదక్ కెథడ్రల్‌ను మనమందరమూ చూసి గర్వపడతాము. అందలి రంగుటద్దాల కిటికీలు ఇంగ్లండు చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీగారు రూపొందించినవి. అవి అందమైనవి. కాని రేపు కట్టబోయే మందిరాలకు కూడా మనము బయటివారి చేతులనే వెతకవలెనా? మన పిల్లల చేతులు ఏమైనాయి?

కనుక ఈ శతజయంతి సంవత్సరములో మన బడులకు నేను మూడు మనవులు చేస్తున్నాను. వారానికి రెండు డ్రాయింగు పీరియడ్లు కలిపి ఒకటిగా ఇవ్వండి. నలభై నిమిషాలలో మట్టి తడపటమే సరిపోతుంది. పరీక్షల నెలలలో కూడా వాటిని ముట్టుకోవద్దు. రెండవది, ఆసక్తిగల పిల్లలను ప్రభుత్వము జరిపే డ్రాయింగు లోయరు, హయ్యరు గ్రేడు పరీక్షలకు పంపండి. పెద్ద చదువు కావాలంటే హైదరాబాదులో 2008లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో చిత్రకళ, శిల్పము రెండూ ఉన్నాయని తల్లిదండ్రులకు చెప్పండి. మూడవది, కరస్పాండెంట్లుగా ఉన్న నా తోటి పాస్టరుగార్లకు. ఎర్ర సిరా తీసే ముందు ఒక నెల వెనుక బల్ల మీద కూర్చోండి.

ఆ కుర్రవాడు ఏమైనాడని మీరడుగుతారు. తిరిగి బడికి వచ్చాడు. పెద్ద శిల్పి కాలేదు. పదవ తరగతి లెక్కలలో తప్పి, సప్లిమెంటరీలో గట్టెక్కాడు. ఇప్పుడు పట్నములో ఇళ్లకు ప్లాస్టరు సీలింగు పని చేస్తున్నాడు. అచ్చులు తనే తయారుచేసుకుంటాడు, తల్లిని తనే పోషిస్తున్నాడు. క్రిందటి క్రిస్మస్‌కు ఊరికి వచ్చినప్పుడు, మాస్టరుగారు అడిగితే మా ఎనిమిదవ తరగతి పిల్లలకు ఒక పూట అచ్చు తీయటం చూపించాడు. ప్లాస్టరు పొడిని నీటిలో చల్లుతూ, ప్రక్కకు వంగిన ఒక పిల్లవాడితో, "చేయి పెట్టకు తమ్ముడూ, ముందు చూడు" అన్నాడు.